సపోర్ట్ పంపే చేతికి కష్టం చెప్పరు

ప్రశ్న: వందనాలండి. మారతహళ్ళిలోని మా తెలుగు సంఘం ఒడిశా, బస్తర్‌లలో ఆరు మిషనరీ కుటుంబాలకు నెలనెలా సపోర్ట్ పంపుతోంది. మిషన్ కమిటీ కోశాధికారినైన నన్నే వాళ్ళకు లీడర్‌షిప్ కోచింగ్ కూడా ఇవ్వమన్నారు. ఏడాదిగా ఫోన్లు చేస్తున్నాను. "అంతా బాగుందయ్యా, ప్రార్థించండి" తప్ప మరో మాట రాదు. ఎక్కడ తప్పుతున్నాను?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తప్పు మీ మాటతీరులో లేదండి, మీ కుర్చీలో ఉంది. డబ్బు పంపే మనిషితో "తోటి సేవకుడితో పడటం లేదు, ఊళ్ళకు వెళ్ళబుద్ధి కావడం లేదు" అని ఎవరు చెబుతారు? సపోర్ట్ ఆగుతుందేమోనన్న భయం ఉండదా? రిపోర్టులు మీరు చూసుకోండి. కోచ్‌గా కమిటీలో లేని, బదిలీల్లో జోక్యం లేని మనిషిని పెట్టండి. ఆయన మీకు చెప్పాల్సింది కాల్ జరిగిందా లేదా, అంతే. ప్రాణాపాయం, పిల్లలకు హాని ఉన్నప్పుడు మాత్రం గుట్టు కుదరదు. ఈ షరతు మొదటి కాల్‌లోనే మిషనరీకి చెప్పి, కాగితం మీద పెట్టండి.

కోచింగ్ అనగానే మనవాళ్ళకు ఎంసెట్ క్లాసులే గుర్తొస్తాయి కాబోలు, ఫోన్ ఎత్తగానే పాఠం మొదలెడతారు. ఇక్కడ ఎక్కువ మాట్లాడాల్సింది మిషనరీ. రెండు వారాలకోసారి 45 నిమిషాలు చాలు. అయిదు నిమిషాలు కుశలం, ప్రార్థన. తర్వాత "ఈ రోజు దేని గురించి మాట్లాడుకుందాం?" అని అంశం ఆయన చేతే చెప్పించి, అరగంట దాన్నే పట్టుకోవాలి. "ఎందుకు చేయలేదు?" అంటే సంజాయిషీ వస్తుంది. "ఏం అడ్డొచ్చింది?" అంటే విషయం వస్తుంది. "ఆయనతో కూర్చుని మాట్లాడొచ్చు కదా?" అన్నది ప్రశ్న ముసుగులో సలహా. అడిగాక 10 సెకన్లు ఆగండి. సిగ్నల్ పోయిందనుకుని "హలో, హలో" అనకండి, అసలు మాట వచ్చేది అప్పుడే.

సలహా ఇవ్వనే కూడదని కాదు. నిర్గమకాండము 18లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు తీరుస్తున్న మోషేను ఆయన మామ యిత్రో ముందు ప్రశ్నే అడిగాడు. జవాబు విన్నాకే పదిమందికి, ఏబదిమందికి అధిపతులను పెట్టమన్నాడు.

చివరి 10 నిమిషాల్లో ఒక పని, ఒక తేదీ తేలాలి. "స్థానిక నాయకులను తయారుచేస్తాను" అంటే లెక్కలోకి రాదు. "వచ్చే ఆదివారం వాక్యం ఫలానా సోదరుడికి అప్పగిస్తాను, గురువారం ఆయనతో కూర్చుంటాను" అనాలి. తర్వాతి కాల్ ఆ ముచ్చటతోనే మొదలవ్వాలి.

ప్రశ్న: మా కోచ్‌కు ఇంగ్లీషే వచ్చు. సరిపోతుందా?

జవాబు: కష్టమే. తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఫీల్డులో భాష నేర్చుకోవచ్చు గానీ, బాధ చెప్పుకునేది అమ్మ భాషలోనే. తెలుగువారినే వెతకండి. పాస్టరమ్మగారికి విడిగా ఒక స్త్రీని పెట్టండి.

ప్రశ్న: కాల్‌లో ఏడ్చేస్తే?

జవాబు: ఏడవనివ్వండి. "ప్రార్థిద్దాం" అని తొందరగా మాట కట్టేయకండి. కానీ రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, చావు మాటలు వచ్చినా అది కోచ్ చేతిలో పని కాదు. అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. ఆ కుటుంబం బెంగళూరు రాగలిగితే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి అక్కడే ఉంది. రైలు టికెట్లకు మాత్రం కోశాధికారిగారు ముందుకు రావచ్చు.