ఫ్రెంచ్‌లో ‘ఇంజ్యూర్’ అంటే తిట్టు, ఇంగ్లిషులో ‘ఇంజురీ’ అంటే గాయం. రెండూ ఒకే మాటేనా?

అవును, పుట్టిల్లు ఒకటే. లాటిన్‌లో ‘యూస్’ అంటే న్యాయం, ‘ఇనియూరియా’ అంటే అన్యాయం. రోమన్ల తొలి లిఖిత చట్టమైన ‘పన్నెండు పట్టికల’లో చెంపదెబ్బ లాంటి చిన్నపాటి దాడికి ఇదే పేరు, జరిమానా 25 ఆస్ నాణేలు. ఆ సొమ్ము విలువ పడిపోయాక వెరాటియస్ అనే ఆసామి దారిన పోయేవాళ్ల చెంపలు వాయిస్తూ, వెంట వచ్చే బానిస చేత అక్కడికక్కడే జరిమానా ఇప్పించేవాడట! తరవాతి కాలంలో నోటితో చేసే అవమానం కూడా ఈ నేరం కిందికే వచ్చింది.

లాటిన్ సంతతి భాషల్లో ఆ అర్థమే బలపడింది. స్పానిష్‌లో ‘ఇన్హూరియా’, ఇటాలియన్‌లో ‘ఇంజూరియా’ అంటే దూషణే. రొమేనియన్‌లో ఇదే మూలం నుంచి వచ్చిన క్రియకైతే ఏకంగా బూతులు తిట్టడమని అర్థం. ఇంగ్లిషు మాత్రం ఒంటి దెబ్బ వైపు మళ్లింది.

ఫ్రెంచివాళ్ల విభజన నాకు మరీ నచ్చుతుంది. 1881 నాటి పత్రికా చట్టం ప్రకారం ‘ఫలానావాడు నా పర్సు కొట్టేశాడు’ అని నిర్దిష్టంగా ఆరోపిస్తే అది పరువునష్టం. ఏ సంగతీ ఆరోపించకుండా ఉత్తినే ‘వెధవ’ అంటే ఇంజ్యూర్. ఇటలీ 2016లో దీన్ని నేరాల జాబితా నుంచి తీసేసి, సివిల్ జరిమానాతో సరిపెట్టింది.