రాజీనామా ఇవ్వనోళ్ళ కథ

తమ్ముడూ,

నువ్వు పంపిన కామెడీ సిరీస్ మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మన వరంగల్ మడికొండ ఐటీ పార్కులో పనిచేసే నలుగురు పిల్లలు, అందరికీ పాతికేళ్ళు దాటాయి, అందరికీ ఉద్యోగం మీద విసుగు, ఒక టీం లీడ్, ఒక క్యాంటీన్. ఐడియా బాగుంది. మొదటి సీన్‌లో క్యాబ్ దిగి గేటు దగ్గర ఐడీ కార్డుల కోసం బ్యాగులు వెతుక్కోవడం, ఒకడి కార్డుకి టిఫిన్ డబ్బాలోని మామిడికాయ తొక్కు నూనె అంటుకుని గేటు తెరుచుకోకపోవడం, వెనక క్యూలో ఉన్నవాళ్ళు "ఏం కూరరా" అని అడగడం, అక్కడ గట్టిగానే నవ్వాను. ఆ తర్వాత 18 పేజీలు నవ్వలేదు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా పర్లేదు, చదవడం మాత్రం ఆపకు.

నీ నలుగురూ పొద్దున లాగిన్ నుంచి సాయంత్రం లాగౌట్ దాకా ఒకటే పాట. ఈ ఉద్యోగం వేస్టు, ఈ మేనేజర్ వేస్టు, బీటెక్ చదివి ఇదేం బతుకు. ఏడో పేజీలో హీరో క్యాంటీన్‌లో నిలబడి పేజీన్నర ఉపన్యాసం ఇస్తాడు. బాగానే రాశావు, నిజంగా కడుపులోంచి వచ్చిందని తెలుస్తోంది. కానీ చదువుతున్నంతసేపూ నాకు ఒకటే డౌటు: ఇంత కష్టంగా ఉంటే వీడు మానెయ్యడెందుకు? జవాబు కోసం స్క్రిప్టంతా వెతికాను, ఎక్కడా లేదు. నీ కామెడీ ఇరుక్కుపోయింది అక్కడే.

నా సంగతి చెప్తాను విను. కథలు, సీరియళ్ళు రాయక ముందు నేను హన్మకొండలో ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో క్లర్కుని. మన ఊళ్ళో చిట్టీల కంపెనీలకు కొదవేముంది, పేరెందుకులే. జీతం 1,800. పది గంటల ఐదు నిమిషాలకు హాజరు పట్టీలో ఎర్ర గీత పడేది, మూడు ఎర్ర గీతలైతే ఒక రోజు జీతం కట్. చేరిన మొదటి వారంలో సీనియర్ ఒకాయన "మధ్యాహ్నం పాట ఉంది, కుర్చీలు సర్దు" అన్నాడు. నేను నిజంగానే ఎవరో పాడతారనుకున్నాను. పాట అంటే చిట్టీ వేలమని తెలిసేలోపే ఆఫీసంతా నవ్వుకుంది.

ఆరు నెలలకే విసుగొచ్చింది. తెల్ల కాగితం మీద రాజీనామా రాసి లెడ్జర్ వెనక అట్టలో దాచాను. రోజూ తీసి చదువుకోవడం, ఒక మాట కొట్టేయడం, ఇంకో మాట రాయడం, మళ్ళీ లోపల పెట్టడం. నేను శ్రద్ధగా తిరగరాసిన మొదటి రచన అదే కావచ్చు. ఎందుకివ్వలేదో తెలుసా? అక్క పెళ్ళికి మా ఆఫీసులోనే 25,000 చిట్టీ కట్టి, ఆరో నెలలోనే ఎత్తాను, అంటే పాటలో పాడి ఆ డబ్బు ముందే తీసేసుకున్నాను. 25 మంది సభ్యులు, నెలకి వెయ్యి. 8,000 వదులుకుంటానని పాడితే నా చేతికి వచ్చింది 17,000. ఆ ఎనిమిదిలో కంపెనీ కమీషన్ ఐదు శాతం, అంటే 1,250 పోగా మిగిలింది అందరికీ తలా 270 డివిడెండ్. ఇంకా 19 వాయిదాలు కట్టాలి, అవి జీతంలోనే కట్ అవుతాయి, ష్యూరిటీ సంతకం పెట్టింది మా మేనమామ. ఇక రాజీనామా ఎవరికిస్తా, మేనమామకా?

మా మేనేజర్ అంటే నాకు ఒళ్ళుమంట. ఎర్ర గీతలు గీసేది ఆయనే. ఒక నెల బాకీల పట్టీ నకలు రాయమని నాకే ఇచ్చాడు, అందులో మూడు చోట్ల ఆయన పేరే ఉంది. మూడు చిట్టీలు ఎత్తి ఉన్నాడు మహానుభావుడు, నాలాగే ఇరుక్కుని. నేను తలెత్తి చూస్తే ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తున్నాడు. ఆ తర్వాత నెల రోజులు నాకు ఎర్ర గీత పడలేదు, మేమిద్దరం దాని గురించి ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

నీ టీం లీడ్‌కి ఆ క్యాలెండర్ లేదు తమ్ముడూ. వాడు వస్తాడు, అరుస్తాడు, వెళ్తాడు. వాడి హోంలోన్ ఎంత, వాడి పైవాడు వాడిని ఏమంటాడు, అప్రైజల్ రోజు వాడెందుకు చెమటలు కక్కుతాడు, ఇవేవీ తెలియకుండా వాడిని తిట్టడం నీకు తేలిక, చూసేవాడికి బోరు.

ఇంగ్లిష్‌లో 'ది ఆఫీస్' అని ఒక కామెడీ సిరీస్ 2001లో బీబీసీలో వచ్చింది. అమెరికా వాళ్ళు తర్వాత తీసింది కాదు, అసలుది. రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ రాశారు. స్లౌ అనే ఊళ్ళో కాగితాలు అమ్మే కంపెనీ బ్రాంచి. మొత్తం 12 ఎపిసోడ్లు, 2003 క్రిస్మస్‌కు ఇంకో రెండు భాగాలు, అంతే, లాగలేదు. వెనక నవ్వుల సౌండు ఉండదు, నవ్వాలో లేదో నీకే వదిలేస్తారు. అందులో టిమ్ అని ఒకడుంటాడు. 30 నిండుతాయి, ఇంకా అమ్మానాన్నల దగ్గరే. మానేసి సైకాలజీ చదువుకుంటానంటాడు, మనమూ నమ్ముతాం. తీరా మొదటి సిరీస్ చివరికొచ్చేసరికి చిన్న ప్రమోషన్ ఇస్తారు, పేరు పక్కన సీనియర్ అని తగిలిస్తారు. ఆగిపోతాడు. పైగా అదేదో బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయమన్నట్టు సమర్థించుకుంటాడు. ఆ సమర్థింపు వింటుంటే నాకు లెడ్జర్ అట్ట గుర్తొచ్చింది.

మన 'అమృతం' సీరియల్ కూడా జెమినీలో మొదలైంది ఆ 2001లోనే. అది ఆఫీసు కాదు, హోటల్. నడవదు, అయినా మూయరు, అద్దె కోసం అప్పాజీ నెత్తి మీదే ఉంటాడు. లెక్క ఒకటే, చూసుకో.

మరి నీ నలుగురూ మడికొండలో ఎందుకు ఆగారు? నాకు తోచింది చెప్తా, నచ్చకపోతే పారెయ్. 2020 జనవరిలో అక్కడ రెండు పెద్ద కంపెనీల క్యాంపస్‌లు తెరిచినప్పుడు ఊళ్ళో ఎంత సంబరం! ఇక పిల్లలు గచ్చిబౌలి హాస్టళ్ళలో పడి ఉండక్కర్లేదు, ఇంటి అన్నం తిని డ్యూటీకి పోవచ్చని. రెండు నెలలకే లాక్‌డౌన్. ఆఫీసు మంచం మీదికొచ్చింది. అప్పటిదాకా కొడుకు ఏదో పెద్ద పని చేస్తున్నాడనుకున్న నాన్న, వాడు పొద్దస్తమానం "హలో, వినిపిస్తోందా" అనడం తప్ప ఇంకేం చెయ్యట్లేదని కళ్ళారా చూశాడు. ఉద్యోగం మీద భ్రమ పోయింది పిల్లలకే కాదు, ఇంటిల్లిపాదికీ. ఈ సీన్ నువ్వు రాయకపోతే నేను రాసుకుంటా, ముందే చెప్తున్నా.

ఇంకా చూడు. ఒకడి తాత మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో షిఫ్టులు చేసినవాడు. 1934లో పెట్టిన మిల్లు అది, మూతపడ్డాక ఎన్ని ఇళ్ళు చితికిపోయాయో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. ఆ ముసలాయనకి ఏసీలో కూర్చుని చేసే పని మానేస్తానంటే అర్థమే కాదు, జ్వరం వచ్చిందేమోనని నుదురు ముట్టుకుని చూస్తాడు. నలుగురిలో ఆ అమ్మాయి ఉంది చూడు, ఆమెకి ఉద్యోగం ఉన్నన్నాళ్ళే సంబంధాలు వాయిదా పడతాయి. "ప్రాజెక్ట్ అయినంక చూద్దాం" అని ఇంట్లో చెప్తుంది కాబట్టి ఆ ప్రాజెక్ట్ అవ్వకూడదు. క్లయింట్ ఇంకో ఆర్నెల్లు పొడిగించాడని మెయిల్ వస్తే మిగతా ముగ్గురూ తల పట్టుకుంటే ఆమె ఒక్కతే క్యాంటీన్‌లో అందరికీ సమోసాలు కొనాలి, ఎందుకో ఎవరికీ చెప్పకూడదు. ఇలాంటివి నాలుగు దొరికితే ఉపన్యాసాలన్నీ వాటంతట అవే రాలిపోతాయి.

ఇంకో మాట, ఇది కొంచెం కోపంగానే అంటున్నా. హీరోది పరకాల, ఆ అమ్మాయిది మహబూబాబాద్, కానీ నీ స్క్రిప్టులో మన యాస మాట్లాడేది ఒక్క సెక్యూరిటీ గార్డు. మన సినిమాలు ఏళ్ళ తరబడి యాసని కమెడియన్‌కీ రౌడీకీ అప్పజెప్పాయని మేము మొత్తుకున్నాం, ఇప్పుడు మన కవి కాళోజీ పుట్టినరోజుని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, వరంగల్ పిల్లగాడివి నువ్వేమో మళ్ళీ అదే పని చేశావు. అందరిచేతా ఒకేలా మాట్లాడించమని కాదు. ఒక పిల్లాడు పది నిమిషాల్లో ఎన్ని భాషలు మారుస్తాడో విను. క్లయింట్‌తో "యా యా, ష్యూర్". మ్యూట్ కొట్టి పక్కవాడితో "ఏందిరా వీడు, సంపుతుండు". టీం లీడ్‌తో "అయిపోతుంది సర్, ఫైవ్ మినిట్స్". అమ్మ ఫోన్ చేస్తే "తిన్ననే, పెట్టెయ్". నాలుగు గొంతులు, నాలుగు అబద్ధాలు, తిన్నాననేది కూడా అబద్ధమే. ఈ మారడంలోనే నవ్వుంది. మ్యూట్ పడలేదనే జోకు మాత్రం వద్దు, అది అందరూ వాడి అరిగిపోయింది.

చిన్న చిన్నవి మార్జిన్‌లో రాశాను. రెండో సీన్, ఐదో సీన్ కలిపెయ్. కాజీపేట స్టేషన్ సీన్‌లో రైలు లేటని అనౌన్స్‌మెంట్ పెట్టావు, అది నవ్వించడానికా ఏడిపించడానికా నాకర్థం కాలేదు. టిఫిన్ డబ్బా నూనె మాత్రం ముట్టుకోకు, కుదిరితే ఆ కార్డుని చివరి ఎపిసోడ్ దాకా తొక్కు వాసన రానివ్వు.

రెండో డ్రాఫ్ట్ అయ్యాక ప్రింట్ తీసుకుని ఇంటికి రా, ఫోన్‌లో చదవడం నావల్ల కావట్లేదు. శనివారం సాయంత్రమైతే మంచిది. ఆదివారం వద్దు, మా గల్లీ ఆడవాళ్ళ చిట్టీ పాట ఉంది, ఈసారి నేనే ఎత్తాలి.

అక్క
హన్మకొండ