ట్రాఫిక్‌లో బైక్ ఇంజిన్ సెగ కాళ్లకు తగులుతోంది, ఏం చేయాలి?

విశాఖలో గాజువాక, ఎన్ఏడీ కూడళ్లలో ఆగుతూ సాగేటప్పుడు కొట్టే సెగ, బీచ్ రోడ్డులో సాఫీగా వెళ్తే తగ్గుతోందా? తగ్గితే చాలావరకు అది మామూలే. ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌ను చల్లబరిచేది ప్రధానంగా ఎదురుగాలి. పైగా 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో చాలావాటికి, పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంజిన్‌కు దగ్గరగా ఉంటుంది; అది బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేయండి.

వేగంగా వెళ్తున్నా సెగ తగ్గకుండా, బండి లాగడం మందగిస్తే లోపం వెతకాలి. మొదట ఇంజిన్ ఆయిల్: బండిని నిటారుగా నిలిపి మట్టం చూడండి. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనుక చక్రాన్ని చేత్తో తిప్పండి. బిగుసుకుపోతుంటే బ్రేకు పట్టేస్తోంది, లేదా చైను మరీ బిగుతుగా ఉంది. సైలెన్సర్ గొట్టం ఇంజిన్‌ను కలిసేచోట టిక్ టిక్ శబ్దం, చుట్టూ నల్లటి మసి కనిపిస్తే గాస్కెట్ (అతుకులోంచి పొగ లీకవకుండా ఆపే సీలు) పోయినట్టే. సింహాచలం కొండ ఎక్కుతూ పై గేరులో ఈడ్చడం, సగం క్లచ్ మీద నడపడం మానుకోవాలి.

లిక్విడ్ కూల్డ్ బండి అయితే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), ఫ్యాను చూడండి. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు, మరిగే ద్రవం మొహాన చిమ్ముతుంది. కాగిన ఇంజిన్ మీద నీళ్లు గుమ్మరించడమూ ప్రమాదమే.

సైలెన్సర్ గొట్టానికి వేడిని తట్టుకునే గుడ్డపట్టీ చుట్టమని కొందరు చెబుతారు. విశాఖ ఉప్పుగాలిలో నేనైతే చుట్టను; పట్టీ కింద తేమ నిలిచి గొట్టం తుప్పు పడుతుంది. కంపెనీ హీట్ షీల్డ్ మేలు.