ఆన్‌లైన్ డిగ్రీ చేతికొస్తుంది, లైసెన్సు వస్తుందా?

ప్రశ్న: విశాఖపట్నంలో సైకాలజీ ఎం.ఏ. చేశాను. పెళ్లయ్యాక హెచ్‌4 వీసాపై (భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు వచ్చేది) టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాను. వేరే రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో మాస్టర్స్‌ను ఆన్‌లైన్‌లో అందిస్తోంది. ‘మేము ఎస్‌ఏఆర్‌ఏలో (ఆన్‌లైన్ చదువులపై రాష్ట్రాల మధ్య ఒప్పందం) ఉన్నాం, టెక్సాస్ వారిని చేర్చుకోవచ్చు’ అని అడ్మిషన్ల వారు చెప్పారు. మావారికి త్వరలో న్యూజెర్సీకి బదిలీ కావచ్చు. చేరమంటారా?

జవాబు: అమ్మా, వారు చెప్పింది నిజమే. అయితే అది విశ్వవిద్యాలయానికి ఉన్న అనుమతి గురించిన మాట. రేపు మీరు కౌన్సిలర్‌గా పనిచేయడానికి కావలసిన అనుమతి వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఫీజు కట్టేసిన వారిని చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో ఏ విద్యాసంస్థ ఎక్కడ పాఠాలు చెప్పవచ్చో తేల్చే అధికారం రాష్ట్రాలది. టెక్సాస్‌లో కూర్చున్న మీకు మరో రాష్ట్రం నుంచి ఆన్‌లైన్‌లో చదువు చెప్పాలన్నా టెక్సాస్ ఒప్పుకోవాలి. ఒకప్పుడు విశ్వవిద్యాలయాలు ఒక్కో రాష్ట్రం నియమాలు విడిగా చూసుకుని, అవసరమైన చోటల్లా దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చేది. ఆ తిప్పలు తగ్గించడానికి వచ్చినదే ఎస్‌ఏఆర్‌ఏ ఒప్పందం. 2014 నుంచి రాష్ట్రాలు అందులో చేరుతూ వచ్చాయి. ఇప్పుడు కాలిఫోర్నియా తప్ప మిగిలిన 49 రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. సొంత రాష్ట్రం ఆమోదం పొందిన విద్యాసంస్థను మిగతా సభ్య రాష్ట్రాలు కూడా ఒప్పుకుంటాయి. టెక్సాస్, న్యూజెర్సీ రెండూ సభ్యులే కనుక చదువు మధ్యలో ఇల్లు మారినా పాఠాలు ఆగవు.

చిక్కు లైసెన్సు దగ్గరే ఉంది. వృత్తి లైసెన్సులను ఈ ఒప్పందం ముట్టుకోదు. నర్సింగ్, టీచింగ్, సోషల్ వర్క్, మీరు ఎంచుకున్న కౌన్సెలింగ్, వీటన్నింటికీ ప్రతి రాష్ట్రంలోనూ సొంత బోర్డు, సొంత నియమాలు ఉంటాయి. టెక్సాస్‌నే తీసుకోండి. అక్కడ ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సిలర్) లైసెన్సుకు 60 సెమిస్టర్ గంటల (క్రెడిట్ల) మాస్టర్స్ కావాలి. అందులో భాగంగా పర్యవేక్షణలో 300 గంటల ప్రాక్టికమ్ (క్షేత్ర శిక్షణ) చేయాలి. డిగ్రీ అయ్యాక అసోసియేట్‌గా, అంటే పర్యవేక్షణలో పనిచేసే కౌన్సిలర్‌గా, మరో 3,000 గంటలు పనిచేయాలి. ఒహాయో అయితే డిగ్రీకి సీఏసీఆర్‌ఈపీ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందా అని కూడా చూస్తుంది. ఒక రాష్ట్రం బోర్డు అంగీకరించిన డిగ్రీని మరో రాష్ట్రం బోర్డు వెనక్కి పంపవచ్చు.

ఇక్కడ మీకు అండగా ఒక ఫెడరల్ నిబంధన ఉంది. ఫెడరల్ విద్యార్థి సాయం పథకాల్లో ఉన్న విశ్వవిద్యాలయం, లైసెన్సు కోసం ఉద్దేశించిన కోర్సులో ఎవరినైనా చేర్చుకునేటప్పుడు, ఆ విద్యార్థి ఉన్న రాష్ట్రం అడిగే విద్యార్హతలకు కోర్సు సరిపోయేలా చూడాలి. 2024 జులై 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. కోర్సు టెక్సాస్‌కు సరిపోకపోయినా, చదువయ్యాక న్యూజెర్సీలోనే పనిచేస్తానని మీరు రాసిచ్చి, కోర్సు న్యూజెర్సీకి సరిపోతే చేర్చుకోవచ్చు. బదిలీ ఇంకా ఖాయం కాలేదంటున్నారు కాబట్టి అలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికి తొందరపడకండి. పెట్టాక బదిలీ ఆగిపోతే, టెక్సాస్‌లో పనికిరాని డిగ్రీతో మిగిలిపోయేది మీరే.

అడ్మిషన్ల వారు ఫోనులో ఇచ్చే హామీని లెక్కలోకి తీసుకోకండి. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో లైసెన్సు వివరాల పేజీ తెరవండి. రాష్ట్రాల పేర్లు వరుసగా ఉంటాయి, ప్రతి పేరు పక్కనా ‘సరిపోతుంది’ అనో ‘సరిపోదు’ అనో ఉంటుంది. టెక్సాస్, న్యూజెర్సీ రెండు వరుసలూ తేదీతో సహా ఫొటో తీసి దాచుకోండి. ఆ తర్వాత రెండు రాష్ట్రాల బోర్డులకూ కోర్సు పేరు, సిలబస్ జతచేసి ఈమెయిల్ రాయండి. కిందటేడు ఒక అమ్మాయి ఇలాగే రాసింది. కోర్సులో ఒక సబ్జెక్టు తక్కువని బోర్డు నుంచి జవాబు వచ్చింది. చేరకముందే తెలిసింది కాబట్టి ఆ సబ్జెక్టు కూడా ఉన్న మరో కోర్సు చూసుకుంది.

హెచ్‌4పై చదువుకోవడానికి అడ్డు లేదు, కానీ ఫెడరల్ రుణం రాదు. ఖర్చంతా మీదే అవుతుంది కనుక జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎఫ్‌1 విద్యార్థి వీసాకు మారే ఆలోచన ఉంటే మాత్రం పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు కుదరదు. చేరాక ఫీజుల విషయంలోనో, చెప్పిన మాట తప్పడం విషయంలోనో పేచీ వస్తే ముందు విశ్వవిద్యాలయానికే ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోగా ఆ విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రంలోని ఎస్‌ఏఆర్‌ఏ కార్యాలయానికి వెళ్లవచ్చు. మార్కుల గొడవలు మాత్రం అక్కడ వినరు.

డిపాజిట్ కట్టేముందు ఇంకొక్క ప్రశ్న అడగండి: ఆ 300 గంటల ప్రాక్టికమ్‌కు ఇర్వింగ్ చుట్టుపక్కల చోటు వాళ్లు చూపిస్తారా, మీరే వెతుక్కోవాలా? జవాబు ఈమెయిల్‌లోనే ఇవ్వమనండి.