చెక్ డ్యాం కట్టే ముందు బోర్లను లెక్కపెట్టు

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానేసి, స్నేహితులతో కలిసి మన మండలంలో పర్యావరణహిత గృహనిర్మాణాన్నీ పరివాహక ప్రాంతాల సంరక్షణనూ ఒకే కార్యక్రమంగా చేపట్టబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు కలిగిన సంతోషాన్ని దాచుకోను. మన ఇంట్లో చదువుకున్నవాళ్ళందరూ కదిరి బస్టాండు దాటి వెళ్ళిపోయినవాళ్ళే తప్ప తిరిగి వచ్చినవాళ్ళు లేరు. అయితే వాడు పంపిన నీ ప్రణాళికను చదివిన తరువాత ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందులో శిక్షణ కేంద్రం భవనం గురించి కావలసినంత ఉంది, వంకలో నీటిని ఆపే చెక్ డ్యాముల గురించీ, నీటిని నేలలోకి ఇంకించే ఊట కుంటల గురించీ ఉంది, బోర్ల గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు.

భవనం నీ విద్య కనుక దాని గురించి ఎక్కువ చెప్పను. హైదరాబాదులోని సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004లో హరిత భవనాలకిచ్చే ప్లాటినం రేటింగుతో ప్రారంభమైనప్పటి నుంచి మన వైపు ఆ విద్యకు గౌరవం పెరిగిన మాట నిజమే. కానీ పల్లెలో గోడకు తగిలించిన రేటింగు పలకను చూసి ఎవరూ ఇల్లు కట్టుకోరు. రాతి గోడల మీద మట్టి కప్పు వేసి, వెలుతురుకు గవాక్షి వదిలిన మన మిద్దెలు మే నెల ఎండలో ఎంత చల్లగా ఉండేవో అందరికీ గుర్తుంది. ఏటా వానలకు ముందు మిద్దె ఎక్కి చవుడు పోసి తొక్కించే చాకిరీ కూడా అంతే గుర్తుంది కనుకనే వాళ్ళు కాంక్రీటు స్లాబుకు మారారు. వాళ్ళకు మట్టి గొప్పతనాన్ని బోధించడం కంటే, ఆ చాకిరీ తగ్గించే కప్పు ఒకటి కట్టి చూపించు.

మట్టి ఇటుకల కోసం తవ్వే గుంతను స్థలంలో పల్లపు వైపు ఉండేలా ముందే గుర్తించుకో, ఇటుకలు అయిపోయాక అదే నీ వాన నీటి కుంట అవుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మనకు ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది కనుక, వంద చదరపు మీటర్ల కప్పు మీద 55 వేల లీటర్లు పడినట్టు. ఆవిరైనవీ పొర్లిపోయినవీ తీసేసినా 40 వేలకు తగ్గవు.

ఇసుక గురించి మాత్రం కొంచెం గట్టిగానే చెబుతున్నాను. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో గోడ కడితే నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయని వ్రాశావు. మంచిదే. ఆ గోడకు పూత పూయకుండా వదిలేస్తే ఎంత ఇసుక మిగులుతుందో కూడా వ్రాయవలసింది. మన వైపు ఇసుక చిత్రావతి నుంచో దానిలో కలిసే వంకల నుంచో రావలసిందే. వంకలో వాన నీటిని పట్టి ఉంచి గట్టు మీది బావులకు మెల్లమెల్లగా అందించేది ఆ ఇసుకే. ట్రాక్టర్ల కొద్దీ ఇసుక తోడించి కట్టిన భవనంలో కూర్చొని భూగర్భజలాల గురించి శిక్షణ ఇస్తే ఊరివాళ్ళు నీ ముఖం మీద నవ్వకపోవచ్చు గానీ ఇంటికి వెళ్ళి నవ్వుకుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. గుట్ట మీద పని మొదలుపెట్టి పల్లానికి రావాలనీ, కందకాలూ రాతి కట్టలూ అయ్యాకనే వంకలో చెక్ డ్యాం కట్టాలనీ నీకు తెలుసు. అవన్నీ సరిగ్గా చేశాక కూడా ఏం జరగవచ్చో చెబుతాను.

నీకు ఊహ తెలియని రోజుల్లో, 1995 నాటి మార్గదర్శకాల కింద మన ఊరికి వాటర్‌షెడ్ పథకం, అంటే వాన నీటిని పడిన చోటే నేలలో ఇంకించే ప్రభుత్వ కార్యక్రమం, వచ్చింది. సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫారసులతో రూపొందిన ఆ మార్గదర్శకాలు పనులను ఊరి కమిటీ చేతికి అప్పగించాయి, మన కమిటీ ఆ పనులను నిజాయితీగానే చేసింది. కందకాలు నిలిచాయి, కుంట నిండింది, మీ అవ్వ నీళ్ళు తోడుకున్న దిగుడు బావిలో ఎండిపోయిన మెట్లు మళ్ళీ ఒక్కొక్కటే మునిగాయి. జరిగిన తప్పంతా ఆ తరువాతిదే. పెరిగిన నీరు ఎవరిది, ఎంత తోడవచ్చు, ఏ పంటకు తోడవచ్చు అన్న మాట కమిటీలో ఏనాడూ ఎత్తలేదు. కట్టవలసినవి కట్టేశాము కనుక పని అయిపోయిందనుకున్నారు.

వేసవి రాకముందే తిరుచెంగోడు బోరు లారీలు ఊళ్ళో దిగాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా తిరిగి, అది నిలువుగా లేచిన చోట పాయింటు పెట్టే మనిషి ఆ రోజుల్లో ఊళ్ళో అందరి ఇంట్లోనూ భోజనం చేశాడు. రాత్రంతా మిషను మోత, తెల్లవారేసరికి చింతచెట్ల ఆకుల మీద తెల్లటి రాతి పొడి. రెండించుల నీళ్ళు పడ్డాయన్న వార్త వినగానే పక్క చేనువాడు ఇంకో వంద అడుగులు లోతుకు దించేవాడు. వేరుశనగ పోయి చీనీ (బత్తాయి) తోటలు వచ్చాయి, కుంట కింద వేసవిలో వరి కూడా వేశారు. మన నేల కింద ఉన్నది గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న మొరంలోనూ రాతి పగుళ్ళలోనూ మాత్రమే, ఆ పగుళ్ళకు సర్వే నంబర్లు లేవు. కొత్త బోరులో పడిన నీళ్ళు చాలాసార్లు పాత బోరులో తగ్గిన నీళ్ళే. అందరికంటే ముందు ఎండినది దిగుడు బావి. దాని మీద ఆధారపడినవాళ్ళు బోరు వేయించే స్తోమత లేనివాళ్ళు.

మీ నాన్న కూడా వేయించాడు. చీనీ చెట్లు కాపుకు వచ్చిన ఏడాదే బోరు ఆగిపోతే, చెట్లను బతికించుకోవడానికి ట్యాంకర్లతో నీళ్ళు పోశాడు, మళ్ళీ వేయించాడు, చివరికి చింతతోపు అమ్మాడు. నువ్వు సెలవులకు వచ్చి చింతతోపు ఏమైందని అడిగితే పురుగు పట్టిందని చెప్పాము. ఈ సంగతి ఇప్పుడు తెలిసిందని వాడిని నిలదీయకు. వాడు ఎవరికీ అన్యాయం చేయాలనుకోలేదు, ఊరంతా చేసిన పనే చేశాడు, నష్టం మాత్రం ఒక్కడే మోశాడు.

చట్టం లేక ఇదంతా జరగలేదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఊరి ఉమ్మడి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదు. రాత్రి పూట వచ్చిన లారీని ఆపి దూరం కొలిచేవాడు లేడు, అంతే. మహారాష్ట్రలోని హివరే బజార్‌లో సర్పంచ్ పోపట్‌రావు పవార్ హయాంలో వ్యవసాయానికి బోర్లు వేయకూడదనీ, చెరకు వంటి పంటలు పెట్టకూడదనీ ఊరే కట్టుబాటు చేసుకుంది, ఏటా వాన లెక్క చూసుకొని పంటలు నిర్ణయించుకుంది. అంత దూరం వెళ్ళనక్కరలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచిన భూగర్భజల ప్రాజెక్టులో రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచి, సీజనుకు ఎంత నీరుందో ఊరి గోడ మీద వ్రాసుకున్నారు. ఇంకా వెనక్కి చూస్తే, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గరి 1369 నాటి శాసనం చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెబుతుంది, అందులో ఒకటి నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం. మన ఊరి కథ ఆ రాతి మీద అప్పటికే ఉంది.

కనుక నువ్వు మొదటి రాయి వేయకముందే ఊళ్ళో బోర్లన్నిటి జాబితా తయారు చెయ్యి. ఎవరిది, ఎంత లోతు, ఎప్పుడు వేశారు, ఎన్ని గంటలు పోస్తుంది, ఎప్పుడు ఎండింది అన్నవి వ్రాయి. ఎండినవాటిని వదిలేయకు, ఎక్కువ చెప్పేవి అవే. తరువాత గ్రామసభలో పంటల నీటి లెక్క చెప్పు. ఎకరం వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి, వేరుశనగకు 500 చాలు. ఒకరి ఎకరం వరి నీటితో ఇద్దరి వేరుశనగ పండుతుందని చెబితే పెద్ద రైతులు ముఖం మాడ్చుకుంటారు, నిన్ను పట్నం పిల్ల అంటారు. కోప్పడకు. ఆ మాట నన్ను కూడా అన్నారు, నేను పట్నం చూడకముందే. కొత్త బోర్లు వేయబోమనీ, ఉన్నవాటి నీటిని పక్కవాళ్ళతో పంచుకుంటామనీ సంతకాలు పెట్టేవరకు చెక్ డ్యాముకు సిమెంటు బస్తా దించవద్దు. నిధులిచ్చేవాళ్ళు తొందర పెడతారు, మార్చి లోపు ఖర్చు చూపించమంటారు. ఆ ఏడాది నిధులు పోయినా సరే.

వేసవిలో టోపీ లేకుండా చేలల్లో తిరగకు, అన్నం వేళకు ఇంటికి రా. మీ పెద్దమ్మ ఇప్పటికే నీ కోసం మేడ మీది గది ఖాళీ చేయిస్తున్నది. జాబితా మొదలుపెట్టే రోజు ముందుగా తెలియజెయ్యి. ఏ చేనులో ఏ బోరు పూడిపోయిందో నాకు తెలుసు, నోటు పుస్తకం పట్టుకొని నీతో వస్తాను. మీ నాన్న చేను నుంచే మొదలుపెడదాం, వాడితో నేను మాట్లాడి ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న