ఆమె ఊపిరిని లెక్కపెట్టు

చిరంజీవి అమ్మాయికి మేనత్త ఆశీస్సులు.

గర్భిణుల ఆపరేషన్ థియేటరులో మత్తు డాక్టరుగా చేరుతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు నా కళ్లు చెమర్చాయి; ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నీకు తెలిసినవాటిని సాగదీయను. 20 వారాలు దాటినవారిని ఎడమకు వాల్చు, తలవైపు ఎత్తు పెట్టు, మత్తుకు ముందు మాస్కును సందు లేకుండా ఆనించి 3 నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వు. నెలలు నిండిన తల్లి ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి సుమారు ఐదో వంతు తగ్గుతుంది, ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. అందుకే శ్వాస ఆగాక నీకు దొరికే వ్యవధి చాలా తక్కువ.

నా భయమంతా ఆపరేషన్ తరువాతి గంటల గురించే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అపెండిక్స్ ఆపరేషన్ జరిగిన ఏడో నెల గర్భిణికి రాత్రి ఆయాసం మొదలైంది. సంచి ఉన్న మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ పెట్టగానే సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 91 నుంచి 97కి ఎక్కింది. రక్తపరీక్షలో కార్బన్ డయాక్సైడ్ 40 వచ్చింది; నార్మలే అనుకొని పక్క వార్డుకు వెళ్లిపోయాను. గర్భిణికి అది 30 దగ్గర ఉండాలని, ఆయాసపడుతున్న తల్లికి 40 వచ్చిందంటే ఊపిరి తీసే కండరాలు అలసిపోతున్నాయని పరీక్షల్లో రాసినదాన్నే, ఆ కాగితం చేతిలో ఉన్నప్పుడు గుర్తు తెచ్చుకోలేకపోయాను. "బాగానే... ఉంది... అమ్మా" అని ఆమె మాట మాటకూ ఆగుతుంటే, ఆ మాటను విన్నానే గాని ఆ ఆగడాన్ని వినలేదు. తిరిగి వచ్చేసరికి సాచురేషన్ ఇంకా 96 చూపిస్తూనే ఉంది. ఆమె మాత్రం మంచం కమ్మీని పట్టుకున్న చేయి వదిలేసి మగతలోకి జారిపోతోంది. మా సీనియర్ పరుగున వచ్చి శ్వాసగొట్టం వేశారు. తల్లీ బిడ్డా దక్కారు.

మానిటర్ మీద అంకె బాగుంటే నువ్వూ తల ఊపి కదిలిపోతావు, నిన్ను చిన్నప్పటినుంచి ఎరుగుదును. ఆ అలవాటు మానుకో. సాచురేషన్ 95కు తగ్గకుండా ఆక్సిజన్ ఇవ్వాల్సిందే, కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా, రక్తపు గడ్డ అడ్డుపడిందా, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయిందా అని వెతకడం అదే నిమిషంలో మొదలుపెట్టాలి. ఆమె చేత ఒక పూర్తి వాక్యం పలికించు. నిండు నిమిషం పాటు ఊపిరిని లెక్కపెట్టు.

తల్లీ, సెకన్ల ముల్లున్న నా పాత వాచీ పంపిస్తున్నాను. ఆ రాత్రి కూడా అది నా చేతికే ఉంది.

మీ అత్త