ప్రోగ్రామ్‌ను రాత్రి 11కి జరిపేది ఎవరు? ఆ ఉద్యోగానికి మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఏ కమ్యూనికేషన్ చివరి సెమిస్టర్‌లో ఉంది. అమెరికాలో లోకల్ టీవీ స్టేషన్లు ప్రేక్షకుల నుంచి ఫిర్యాదులు వస్తే కాస్త ఘాటైన ప్రోగ్రామ్‌లను రాత్రి పొద్దుపోయాక వేస్తాయట, దాని మీద ప్రాజెక్ట్ చేసింది. ఇప్పుడు ఒక ఎంటర్‌టైన్‌మెంట్ చానల్ 'స్టాండర్డ్స్ అండ్ ప్రాక్టీసెస్' విభాగంలో ట్రెయినీగా తీసుకుంటామంటోంది. మా బావగారేమో 'ఆడపిల్ల రోజంతా ఆ సీన్లు చూస్తూ కూర్చోవాలా?' అంటున్నారు. మావారు ఇదంతా వదిలేసి లా చదవమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఇదొక కెరీరేనా?

జవాబు: అమ్మా, ముందు మీ బావగారి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇంట్లో అసలు పేచీ అక్కడే ఉందని మీ ఉత్తరం చదివితేనే తెలిసిపోతోంది. సీన్లు చూడాలా అంటే చూడాలి. ఎడిటర్ చూస్తాడు, డబ్బింగ్ చెప్పేవాళ్లు చూస్తారు, సెన్సార్ బోర్డులో కూర్చునే పెద్దవాళ్లూ చూస్తారు. కానీ ఆ విభాగంలో చూడటం కన్నా రాయడమే ఎక్కువ. ఏ ఎపిసోడ్‌లో ఏ నిమిషం దగ్గర ఏ మాట వచ్చింది, దాన్ని మ్యూట్ చెయ్యాలా, బ్లర్ చెయ్యాలా, వదిలెయ్యొచ్చా, వదిలేస్తే ఏ టైమ్‌లో వెయ్యాలి, రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏం చెప్పుకోవాలి, ఇవన్నీ కాగితం మీద పెట్టాలి. నేను చూసినంతలో ఇది సగం గుమాస్తా పని, సగం వకీలు పని. ఈ ముక్క బావగారి చెవిన వెయ్యండి, కాస్త చల్లబడతారు.

ఇక మీ అమ్మాయి ప్రాజెక్ట్. మంచి సబ్జెక్టే పట్టుకుంది, ఈ ఉద్యోగం అవసరం ఎందుకొచ్చిందో అమెరికా లోకల్ స్టేషన్ల కథలో బాగా కనిపిస్తుంది. అక్కడ ఏబీసీ, ఎన్‌బీసీ లాంటి నెట్‌వర్క్‌లు ప్రోగ్రామ్‌లు పంపిస్తాయి గానీ ప్రసారం చేసే లైసెన్సు మాత్రం ఆయా ఊళ్లలోని స్టేషన్ల పేరు మీద ఉంటుంది, దాన్ని ఎనిమిదేళ్లకోసారి ఎఫ్‌సీసీ (ప్రసారాల మీద అజమాయిషీ చేసే అక్కడి ప్రభుత్వ సంస్థ) దగ్గర రెన్యూ చేయించుకోవాలి. కొన్ని స్టేషన్లు నెట్‌వర్క్‌ల సొంతం, చాలావాటికి యజమానులు వేరే. అంటే ఎక్కడో లాస్ ఏంజెలెస్‌లో తీసిన సీనుకి ఊళ్లో ఉన్న స్టేషన్ మేనేజర్ జవాబు చెప్పుకోవాలన్నమాట. అందుకే నెట్‌వర్క్ పంపినది మా ఊరివాళ్లకి నప్పదు అనుకుంటే వెయ్యకుండా ఉండే హక్కు కూడా రూల్స్‌లోనే స్టేషన్‌కి ఇచ్చారు. సాల్ట్‌లేక్ సిటీలో ఎన్‌బీసీ ప్రోగ్రామ్‌లు వేసే కేఎస్ఎల్ అనే స్టేషన్ ఉంది, దాని యజమాని మోర్మన్ చర్చికి చెందిన సంస్థ. 2011లో 'ది ప్లేబాయ్ క్లబ్' అనే సీరియల్ వస్తే మేం వెయ్యం అని ముందే చెప్పేసింది.

టైమ్ రూలు ఏమిటంటే, కోర్టులు పచ్చి అశ్లీలం అని తేల్చిన సరుకుని ఏ వేళలోనూ వెయ్యకూడదు. దానికి ఒక మెట్టు కింద, అసభ్యం అనిపించే కోవలోది మాత్రం ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా నిషేధం, ఆ తర్వాత వెయ్యొచ్చు. కేబుల్ చానళ్లకి ఈ రూలు లేదు, యాంటెనాతో అందుకునే స్టేషన్లకే. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుంటే అడిగేది దీని తర్వాతి సంగతి.

ఏబీసీలో 'ఎన్‌వైపీడీ బ్లూ' అని పోలీసు సీరియల్ వచ్చేది. 1993లో మొదలైనప్పుడే యాభైకి పైగా స్టేషన్లు దాన్ని వెయ్యబోమన్నాయి. 2003 ఫిబ్రవరిలో ఒక ఎపిసోడ్‌లో ఒకావిడ స్నానానికి వెళ్తూ బట్టలు తీసేస్తుంది, వెనక నుంచి కాసేపు కనిపిస్తుంది. ఆ ఎపిసోడ్ తూర్పు తీరంలో రాత్రి 10కి వచ్చింది. దేశం మధ్యలో ఉన్న రాష్ట్రాల్లో ప్రైమ్‌టైమ్ ఒక గంట ముందే నడుస్తుంది కాబట్టి అక్కడ వాళ్ల గడియారం ప్రకారం 9కి వచ్చింది. 2008లో ఎఫ్‌సీసీ, 9కి వేసిన స్టేషన్లకి తలా 27,500 డాలర్ల జరిమానా విధించింది, 10కి వేసినవాటి జోలికి పోలేదు. అదే సీరియల్, అదే సీను, అదే రాత్రి! తర్వాత కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది, ఇంత చిన్న సీను కూడా తప్పు కిందికి వస్తుందని స్టేషన్లకి ముందుగా సరిగ్గా తెలియజెయ్యలేదన్న కారణంతో 2012లో జరిమానా కొట్టేశారు, కానీ అన్నేళ్లు వకీళ్ల చుట్టూ తిరగడం తప్పలేదు కదా. మీ అమ్మాయి చెయ్యబోయే పని ఆ ఒక్క గంట తేడాని ముందే పట్టుకోవడం.

భయం ఎక్కువైనా చిక్కే. 2004 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ విరామంలో లైవ్‌లో ఒక గాయని వక్షం క్షణం పాటు కనిపించిన గొడవకి ఎఫ్‌సీసీకి అయిదు లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి, దాన్ని వేసిన సీబీఎస్ నెట్‌వర్క్ సొంత స్టేషన్లకి మొత్తం 5,50,000 డాలర్ల జరిమానా పడింది (దాన్నీ తర్వాత కోర్టు కొట్టేసింది). దాంతో లోకల్ స్టేషన్లు ఎంత బెదిరిపోయాయంటే, అదే ఏడాది నవంబర్‌లో మాజీ సైనికుల దినం నాడు ఏబీసీ 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' సినిమా వేస్తుంటే అరవైకి పైగా స్టేషన్లు అందులో బూతు మాటలున్నాయని మానేశాయి. మరుసటి ఏడాది ఎఫ్‌సీసీ తీరిగ్గా, ఆ సినిమాలో యుద్ధం తీరు చూపించడానికి ఆ మాటలు అవసరమే, తప్పేం లేదని చెప్పింది. 2006లో గరిష్ఠ జరిమానాని ఒక్కో తప్పుకి 32,500 డాలర్ల నుంచి ఏకంగా 3,25,000కి పెంచుతూ చట్టం వచ్చింది. ఇలాంటి వాతావరణంలో 'ఎందుకొచ్చిన గొడవ, తీసేద్దాం' అనడం ఎవరికైనా తేలికే. ఎక్కడ తీసెయ్యక్కర్లేదో ధైర్యంగా చెప్పి దానికి కారణం రాయగలిగినవాళ్లకే ఆ కుర్చీలో విలువ.

మన దగ్గర పద్ధతి వేరు. చానల్‌కి అనుమతి కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి వస్తుంది, ఏం వెయ్యొచ్చో 1995 కేబుల్ టీవీ చట్టం కింద ఉన్న ప్రోగ్రామ్ కోడ్ చెప్తుంది. 2010 నవంబర్‌లో ఆ శాఖ హిందీ 'బిగ్ బాస్'నీ, 'రాఖీ కా ఇన్సాఫ్'నీ రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 లోపే వేసుకోమంది, బిగ్ బాస్ చానల్ బొంబాయి హైకోర్టుకి వెళ్లి స్టే తెచ్చుకుంది. ఆ మరుసటి ఏడాదే చానళ్లన్నీ కలిసి బీసీసీసీ అని ఫిర్యాదుల మండలి పెట్టుకున్నాయి. అందరూ చూడదగినవి ఒక వర్గం, పెద్దలకి మాత్రమే అనదగినవి ఇంకో వర్గం, రెండో వర్గానికి అదే 11 నుంచి 5. 2012 ఏప్రిల్‌లో 'ది డర్టీ పిక్చర్' సినిమాని యాభైకి పైగా కట్లు చేసి, ఆదివారం మధ్యాహ్నం వేస్తామని ఊరంతా చాటింపు వేశాక, శాఖ నుంచి కబురొచ్చి ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. అన్ని కట్లు చేసినా గండం గట్టెక్కలేదు, ఎందుకంటే అడ్డం తిరిగింది ఆ మధ్యాహ్నం వేళే.

2021 జూన్‌లో రూల్స్ ఇంకా బిగించారు. ప్రేక్షకుడి ఫిర్యాదుకి చానల్ 15 రోజుల్లో జవాబివ్వాలి, తృప్తి లేకపోతే ఆయన స్వీయ నియంత్రణ మండలికి, ఆ తర్వాత కేంద్రం దగ్గరికి వెళ్లొచ్చు. అంటే ప్రతి చానల్లోనూ ఫిర్యాదులు చూసే మనిషి తప్పనిసరి. ఓటీటీలకీ అదే ఏడాది వచ్చిన ఐటీ రూల్స్‌తో వయసు రేటింగులు వచ్చాయి కాబట్టి అక్కడా ఇదే పని తెలిసినవాళ్లు కావాలి. మీరడిగిన 'కెరీరేనా' అన్నదానికి నా జవాబు ఇదే. ఒకే చానల్ని నమ్ముకుని ఉండాల్సిన నైపుణ్యం కాదిది. ఊళ్లలో కేబుల్ ఆపరేటర్లు నడిపే లోకల్ చానళ్లకీ ప్రోగ్రామ్ కోడ్ వర్తిస్తుంది, అక్కడ చర్య తీసుకునే అధికారం కలెక్టర్, పోలీసు కమిషనర్ లాంటివాళ్లకి ఉంటుంది. అయితే అక్కడ వసూళ్లూ ప్రసారమూ ఫిర్యాదులూ ఒకే మనిషి చూసుకుంటాడు, ట్రెయినీ పోస్టు ఆశించకండి.

ఒకసారి నా పాత విద్యార్థిని ఒకమ్మాయి పనిచేసే చానల్‌కి వెళ్లాను (పేరెందుకు లెండి). ఫిర్యాదులు వచ్చాయని ఒక కామెడీ షోని రాత్రి 9 నుంచి 11కి జరిపారు, అందరూ హమ్మయ్య అనుకున్నారు. మూడో రోజు ఒక పెద్దావిడ మనవడి చేత మెయిల్ రాయించింది: 'షో 11కి మార్చామన్నారు, సంతోషం, మరి మధ్యాహ్నం వంటల ప్రోగ్రామ్ మధ్యలో అదే ముక్క ఎందుకు వేస్తున్నారు?' ఆవిడ చెప్పింది ప్రోమో గురించి. నా విద్యార్థిని మర్నాటి ప్రసారాల షీట్ తెరిచి చూస్తే ఆ 20 సెకన్ల ప్రోమో పగటి పూట ఆరుసార్లు ఉంది, దానికి తోడు ఉదయం పదిన్నరకి ఆ షో రిపీట్ కూడా అలాగే ఉంది. ప్రోమోల వాళ్లకి ఫోన్ చేస్తే 'అది అప్రూవ్ అయిన ప్రోమోనే కదా' అన్నారు. అప్రూవ్ అయింది నిజమే, ఏ టైమ్‌కి అని ఎవరూ రాయలేదు. సేల్స్ నుంచి ఒకాయన వచ్చి 'అసలే 11కి యాడ్ రేటు పడిపోయింది, ప్రోమో కూడా తీసేస్తే ఆ షో ఉందని ఎవరికి తెలుస్తుంది?' అని గట్టిగానే అడిగాడు. ఆయన బాధలో అబద్ధం లేదు. నా విద్యార్థిని అరగంట కూర్చుని, డబుల్ మీనింగ్ లేని ఇంకో ప్రోమో పగటికి కట్ చేయించి, పాతదాని పక్కన 'రాత్రి 11 తర్వాతే' అని రాసి, రిపీట్‌ని తీయించి, ఆ పెద్దావిడకి నాలుగు లైన్ల జవాబు రాసింది. 'మీరు చెప్పింది నిజం, పొరపాటు మాదే, రేపటి నుంచి కనపడదు' అని. అంతే, ఎక్కడా ఆఫీసు భాష లేదు. అది చూశాకే నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం వచ్చింది.

కాబట్టి మీ అమ్మాయికి సరిపోతుందా అంటే, ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఒక సాయంత్రం 6 నుంచి 11 దాకా ఏదో ఒక చానల్ ముందు నోట్‌బుక్ పట్టుకుని కూర్చోమనండి. యాడ్‌లు, ప్రోమోలతో సహా అభ్యంతరం అనిపించినవన్నీ టైమ్‌తో రాసి, పక్కన ఎందుకో ఒక్క వాక్యం రాయాలి. తర్వాత అదే కాగితం మీద ప్రతిదానికీ చానల్ తరఫున వాదిస్తూ ఇంకో వాక్యం రాయాలి. రెండో కాలమ్ రాయడం తనకి సరదాగా ఉంటే నిశ్చింతగా పంపండి. 'ఇవన్నీ నిషేధించాలి' అని మొదటి కాలమ్ దగ్గరే ఆగిపోతే ఈ పనిలో ఆరు నెలల్లో అందరితో గొడవలవుతాయి. నాకివన్నీ తప్పే అనిపించవు అని మొదటి కాలమ్‌నే ఖాళీగా వదిలేస్తే అదీ కష్టమే.

మీవారు చెప్పిన లా ఆలోచన చెడ్డది కాదు గానీ చేతికొచ్చిన అవకాశం వదులుకుని మూడేళ్లు చదవడానికి నేను ఒప్పుకోను. రెండేళ్లు పని చేశాక, నచ్చితే హైదరాబాద్‌లోని లా యూనివర్సిటీ నల్సార్ వాళ్ల దూరవిద్యలో మీడియా చట్టాల పీజీ డిప్లొమా చేసుకోవచ్చు, ఇంకా పైకి వెళ్లాలనుకుంటే అప్పుడు ఎల్ఎల్‌బీ. పని తెలిశాక చదివే చట్టం బుర్రకి ఎక్కినట్టు ముందు చదివితే ఎక్కదు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చి చూసుకుంటే నిరాశే మిగులుతుంది, బంధువుల ముందు ఆ టాపిక్ ఎత్తకండి.

చేరే ముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోమనండి. ఒకటి, తను రాసిన నోట్‌ని ప్రొడక్షన్ వాళ్లు కాదంటే ఆఖరి మాట ఎవరిది, తను రిపోర్ట్ చేసేది లీగల్‌కా, ప్రోగ్రామింగ్ హెడ్‌కా? ప్రోగ్రామింగ్ హెడ్‌కే అయితే రేటింగ్ పడిపోయిన వారం తన నోట్లు డ్రాయర్‌లోకి వెళ్తాయి. రెండోది షిఫ్ట్. లైవ్ షోలు ఉన్న చానల్ అయితే రాత్రి ప్రసారం అయ్యేదాకా ఉండాలి, ఇంటికి చేర్చే క్యాబ్ ఆఫర్ లెటర్‌లో రాసి ఉందో లేదో చూసుకోమనండి, నోటిమాటగా చెప్తే హెచ్‌ఆర్ నుంచి మెయిల్ తీసుకోమనండి.